బయోకెమిస్ట్రీ వీడియో లెక్చర్లు: డిగ్రీ నుంచి పీజీ దాకా చూశాక నా మాట

వీడియో లెక్చర్ల గురించి ఎవరు రాసినా ముందు చెప్పేవి ఇవే: ఎప్పుడంటే అప్పుడు చూడొచ్చు, ఎన్నిసార్లయినా చూడొచ్చు, చాలావరకు ఫ్రీ. అవన్నీ మీకు తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల కోర్సులు, ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్, ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో కెవిన్ అహెర్న్ చెప్పిన క్లాసులు, ఖాన్ అకాడమీ చిన్న వీడియోలు, మధ్యలో డబ్బు కట్టి చేరిన ఒక కోచింగ్ యాప్. డిగ్రీలో బయోకెమిస్ట్రీ మొదలైనప్పటి నుంచి ఎమ్మెస్సీ అయ్యేదాకా వీటితోనే గడిపాను. ఇన్నింటిలోనూ నన్ను నిజంగా గట్టెక్కించింది ఒకటే. పాఠం చెప్పేవాళ్లు అణువుని మొదటి కార్బన్ నుంచి చేత్తో గీస్తూ చెప్పడం. అది ఉంటే వీడియో పాతదైనా, ఆడియో బొంగురుగా ఉన్నా కూర్చుని చూస్తాను. అది లేకపోతే ఎంత పేరున్న లెక్చర్ అయినా నాకు పెద్దగా పనికి రాలేదు.

పుస్తకంలో టీసీఏ సైకిల్ (కణం ఆహారం నుంచి శక్తి తీసే రసాయన చర్యల చక్రం, దీన్నే క్రెబ్స్ సైకిల్ అంటారు) బొమ్మ ఎలా ఉంటుందో తెలుసు కదా. పేర్లన్నీ గుండ్రంగా, మధ్యలో బాణాలు, పక్కన ఎంజైములు. అంతా ముందే పూర్తయిపోయి ఉంటుంది. ఏ కార్బన్ ఎక్కడినుంచి వచ్చిందో, ఏది ముందు కదిలిందో కంటికి అందదు. అందుకే చాలామందిమి పేర్ల మొదటి అక్షరాలతో ఏదో ఒక వాక్యం అల్లుకుని బట్టీ కొట్టేస్తాం. పూర్తయిన ముగ్గుని చూసి ముగ్గు నేర్చుకోలేం. చుక్కలు పెడుతున్న చేతిని చూడాలి, గీత ఏ చుక్క చుట్టూ తిరిగి ఎటు వెళ్లిందో చూడాలి. బోర్డు మీద గీసే లెక్చర్‌లో దొరికేది అదే. పైగా గీసేవాళ్ల చెయ్యి ఎంత వేగంగా వెళ్తుందో పాఠం కూడా అంతే వేగంగా వెళ్తుంది. ఆలోచించుకోవడానికి మనకూ కాస్త టైమ్ దొరుకుతుంది.

నాలాంటివాళ్లకి ఇందులో ఇంకో లాభం ఉంది. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిగ్రీలో కైమోట్రిప్సిన్ (ప్రొటీన్లని తెంచే ఎంజైము) ఎలా పని చేస్తుందో చెబుతుంటే ఇంగ్లీషు వాక్యం అర్థం చేసుకునేలోపే తర్వాతి స్లయిడ్ వచ్చేసేది. వీడియోలో అదే పాఠాన్ని ఒకాయన బోర్డు మీద గీశారు. 195వ స్థానంలో సెరీన్, 57లో హిస్టిడీన్, 102లో ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లాలు. హిస్టిడీన్ నైట్రోజన్ నుంచి సెరీన్ హైడ్రోజన్ వైపు ఒక వంపు బాణం. సెరీన్ ఆక్సిజన్ నుంచి పెప్టైడ్ కార్బన్ వైపు ఇంకో బాణం. ఆయన యాస నాకు సగమే అర్థమైంది. ఆటోమేటిక్ సబ్‌టైటిల్స్ అయితే ఎంజైముల పేర్లన్నీ తప్పుల తడక. అయినా బాణం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూస్తే చాలు, రియాక్షన్ అర్థమైపోయింది. ఎలక్ట్రాన్లు ఎటు వెళ్లాయో చెప్పడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. ఈ మాట నేను తెలుగు మీడియం పిల్లలందరికీ గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. భాష రాదని సబ్జెక్టు వదిలేయకండి, ముందు గీసి చెప్పేవాళ్లని వెతుక్కోండి.

ఇక నేను ఎప్పటికీ మర్చిపోలేని పాఠం సిట్రేట్. దాని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను.

టీసీఏ సైకిల్‌లో రెండు కార్బన్ల అసిటైల్ వచ్చి నాలుగు కార్బన్ల ఆక్సలోఅసిటేట్‌తో కలుస్తుంది. ఆరు కార్బన్ల సిట్రేట్ అవుతుంది. తర్వాత రెండు చోట్ల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) పోతుంది. రెండు వచ్చాయి, రెండు పోయాయి. కాబట్టి వచ్చిన అసిటైల్ కార్బన్లే సీఓటూగా బయటికి పోతున్నాయని ఎవరైనా అనుకుంటారు. మా క్లాసులో అందరం అలాగే అనుకున్నాం, ఎవరికీ అనుమానం కూడా రాలేదు. నేను చూసిన లెక్చర్‌లో పాఠం చెప్పే ఆవిడ అసిటైల్ కార్బన్లు రెండింటినీ ఎర్ర మార్కర్‌తో, ఆక్సలోఅసిటేట్ నాలుగింటినీ నల్ల మార్కర్‌తో గీశారు. సిట్రేట్ గీశాక మధ్య కార్బన్ మీద ఓహెచ్ పెట్టారు, దానికి రెండు పక్కలా ఒకేలాంటి రెండు కొమ్మలు. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. అకోనిటేజ్ అనే ఎంజైము ఈ ఓహెచ్‌ని పక్క కార్బన్ మీదకి జరుపుతుంది, ఎర్ర కొమ్మ మీదకా, నల్ల కొమ్మ మీదకా అని అడిగి, మార్కర్ పట్టుకున్న చేతిని రెండింటి మధ్యా అలాగే ఆపారు.

అక్కడ వీడియో ఆపేశాను. నోట్సులో ఎర్ర పెన్నుతో, నీలం పెన్నుతో అదే బొమ్మ గీసుకున్నాను. రంగు తీసేస్తే రెండు కొమ్మలకీ వెంట్రుకవాసి తేడా కూడా లేదు. ఎంజైముకి రంగులు తెలీవు కదా! కాబట్టి సగం ఇటు, సగం అటు వెళ్లాలి. నాకు వేరే జవాబు తోచలేదు.

మళ్లీ ప్లే చేశాక ఆవిడ చెప్పింది విని నిజంగా ఒళ్లు జలదరించింది. ఓహెచ్ ప్రతిసారీ నల్ల కొమ్మ మీదకే, అంటే ఆక్సలోఅసిటేట్ నుంచి వచ్చిన వైపుకే వెళ్తుంది. అందుకే మొదటి చుట్టులో పోయే రెండు సీఓటూలూ ఆక్సలోఅసిటేట్‌వే. కొత్తగా వచ్చిన అసిటైల్ కార్బన్లు రెండూ ఆ చుట్టులో భద్రంగా ఉంటాయి. ఒకేలా ఉన్న రెండు కొమ్మల్లో ఎంజైము తేడా ఎలా పట్టింది? ఆవిడ ఎడమ అరచేతి మీద మూడు చుక్కలు పెట్టుకుని, కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వాటి మీద ఆనించి చూపించారు. ఓహెచ్‌కి ఒక చుక్క, మధ్యలో ఉన్న కార్బాక్సిల్‌కి ఒక చుక్క, కొమ్మకి ఒక చుక్క. మూడూ సరిగ్గా కూర్చోవాలంటే అణువు ఒకే ఒక్క తీరులో ఆనగలదు. తిప్పి పెడితే కుదరదు. నేనూ నా చేతి మీద పెట్టి చూసుకున్నాను. కుదరలేదు!

దీని వెనక కథ కూడా ఆవిడే చెప్పారు. క్రెబ్స్ ఈ సైకిల్‌ని 1937లో ప్రతిపాదించారు. 'నేచర్' పత్రిక ఆ ఉత్తరాన్ని వేసుకోకపోతే 'ఎంజైమాలజియా'లో అచ్చయింది. 1941లో ఐసోటోపు కార్బన్‌తో చేసిన ప్రయోగాల్లో గుర్తు పెట్టిన కార్బన్ ఒక వైపే కనిపించింది. సిట్రేట్ లాంటి సమానమైన అణువు మధ్యలో ఉంటే గుర్తు రెండు వైపులా పంచుకుపోవాలి కదా అని, కొన్నేళ్లపాటు సిట్రేట్‌ని అసలు దారిలోంచే పక్కన పెట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆగ్‌స్టన్ 1948లో 'నేచర్'కి రాసిన చిన్న ఉత్తరంతో, ఎంజైము మీద మూడు చోట్ల ఆనితే సమానమైన కొమ్మలు కూడా వేరువేరుగా తెలుస్తాయని తేలింది. అంతటి శాస్త్రవేత్తలకే చిక్కుముడి అయినచోట నేను ఆగిపోయానని తెలిశాక సబ్జెక్టు మీద ఉన్న భయం చాలావరకు పోయింది.

ఆ రాత్రి పేజీలకు పేజీలు గీశాను. రెండో చుట్టులో ఏమవుతుంది? సక్సినేట్ దగ్గరికి వచ్చేసరికి అణువు నిజంగానే రెండు వైపులా సమానం కాబట్టి గుర్తు అటూ ఇటూ పంచుకుపోతుంది. అసిటైల్‌లో కార్బొనిల్ కార్బన్ రెండో చుట్టులో మొత్తం పోతుంది. మిథైల్ కార్బన్ రెండు చుట్లూ తట్టుకుని, మూడో చుట్టు నుంచి ప్రతిసారీ సగం చొప్పున పోతుంది. ఇది నేను ఎక్కడా బట్టీ పట్టలేదు, ఇప్పుడు అడిగినా గీసి చెప్పగలను. ఆ తర్వాత హాస్టల్లో జూనియర్ ఒకమ్మాయి వచ్చి "అక్కా, అసిటైల్ కార్బన్లే కదా సీఓటూగా పోయేది?" అంటే, అవునో కాదో చెప్పకుండా రెండు రంగుల పెన్నులు చేతికిచ్చాను. తనే గీసి, తనే "అయ్యో, కాదక్కా" అంది.

డబ్బు కట్టిన యాప్‌లో ఇదే పాఠం చూశాను. ఆ యాప్ పేరు అనవసరం. పుస్తకంలో బొమ్మనే స్కాన్ చేసి స్లయిడ్‌లో పెట్టారు. దాని మీద లేజర్ చుక్క గిరగిరా తిరుగుతుంది. "ఇక్కడ సిట్రేట్, ఇక్కడ ఐసోసిట్రేట్, ఇక్కడ సీఓటూ పోతుంది, నెక్స్ట్." మార్కులు వచ్చే ప్రశ్నలు మాత్రం బాగా ఇచ్చారు, అది ఒప్పుకోవాలి. కానీ పరీక్షకి ముందు వ్యాలిడిటీ అయిపోయి, రివిజన్‌కి కావాల్సినప్పుడు ఒక్క వీడియో కూడా తెరుచుకోలేదు. మళ్లీ డబ్బు కట్టమన్నారు. డౌన్‌లోడ్ చేసుకున్నవి కూడా లాక్ అయిపోయాయి. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

గీసే చెయ్యి అని పైన అంత గట్టిగా అన్నాను గానీ, అన్ని చోట్లా అది సరిపోదు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువుని తయారుచేసే ఏటీపీ సింథేజ్ అనే ఎంజైము ఉంది. అదొక తిరిగే యంత్రం. మూడు బీటా భాగాలు, మధ్యలో ఇరుసు, ఇరుసు 120 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక్కో భాగం ఆకారం మార్చుకుంటుంది, పూర్తి చుట్టుకి మూడు ఏటీపీలు. దీన్ని బోర్డు మీద ఎంత బాగా గీసినా నాకు ఎక్కలేదు. యానిమేషన్‌లో తిరుగుతుంటే ఒక్కసారికే అర్థమైంది. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ ఇరుసుకి మెరిసే ఆక్టిన్ పోగు కట్టి, అది తిరగడాన్ని మైక్రోస్కోప్ కింద కళ్లారా చూశారు. బాయర్, వాకర్‌లకి నోబెల్ వచ్చింది కూడా ఆ ఏడాదే. కాబట్టి కదలికే అసలు విషయమైన చోట యానిమేషన్ కావాలి. కార్బన్ల లెక్క కావాల్సిన చోట మాత్రం ఇప్పటికీ నేను చెయ్యినే నమ్ముతాను.

క్లాసులో కెమెరా పెట్టి రికార్డు చేసిన కొన్ని లెక్చర్లలో ఇంకో బాధ. సరిగ్గా గీసే సమయానికి కెమెరా ప్రొఫెసర్ ముఖం మీదకి వెళ్తుంది. మళ్లీ బోర్డు కనిపించేసరికి బొమ్మ పూర్తయిపోయి ఉంటుంది. అప్పుడు అది పుస్తకంలో బొమ్మే అవుతుంది. చేరే ముందు ఏదో ఒక వీడియోని మధ్యలో తెరిచి, గీస్తున్నప్పుడు బోర్డు కనిపిస్తోందా లేదా చూసుకోండి.

పాత వీడియోలతో ఉన్న అసలు చిక్కు ఏటీపీ లెక్క. పాత లెక్చర్లలో ఒక గ్లూకోజ్‌కి 36 లేదా 38 ఏటీపీ అంటారు. ఎలక్ట్రాన్లని మోసుకెళ్లే ఎన్‌ఏడీహెచ్‌కి 3, ఎఫ్‌ఏడీహెచ్‌టూకి 2 వేసిన లెక్క అది. ఇప్పటి పుస్తకాల్లో 2.5, 1.5 వేసి 30 లేదా 32 అంటున్నారు. సైటోప్లాజంలో పుట్టిన ఎన్‌ఏడీహెచ్ ఏ షటిల్‌లో మైటోకాండ్రియాలోకి వెళ్తుందన్న దాన్ని బట్టి ఆ రెండింటి తేడా. క్లాసులో చెప్పే సారయితే వచ్చే ఏడాది మార్చి చెప్తారు. వీడియో మాత్రం అప్‌లోడ్ చేసిన రోజు ఏది చెప్పిందో అదే చెప్తూ ఉంటుంది. మా డిగ్రీ నోట్సులో 38, పీజీలో 32. రెండూ ఎందుకొచ్చాయో తెలియకపోతే పరీక్షలో టెన్షనే.

ఎంజైమ్ కైనెటిక్స్ లెక్కలకి వచ్చేసరికి చూడటం వల్ల పెద్ద ఉపయోగం కనిపించలేదు. 1913 నాటి మికేలిస్, మెంటెన్ సమీకరణాన్ని ఎవరైనా బోర్డు మీద చక్కగా తీసి చూపిస్తారు, చూస్తుంటే ఎంతో తేలిక అనిపిస్తుంది. లైన్‌వీవర్, బర్క్ గీతలో ఇన్హిబిటర్ కలిపితే (ఎంజైముని అడ్డుకునే పదార్థం అది) ఏది మారుతుందో, ఏది మారదో చేతికి రావాలంటే గ్రాఫ్ పేపర్ ముందు పెట్టుకోవాల్సిందే. ఎదురు ప్రశ్న వేసే మనిషి లేకపోవడం అక్కడ బాగా తెలుస్తుంది. కేఎం అంటే ఎంజైము సగం వేగం అందుకోవడానికి కావాల్సిన సబ్‌స్ట్రేట్ (ఎంజైము పని చేసే పదార్థం) మోతాదు. మా మేడమ్ వైవాలో "కేఎం తగ్గితే ఎంజైముకి సబ్‌స్ట్రేట్ మీద ప్రేమ పెరిగిందా, తగ్గిందా?" అని అడిగి జవాబు కోసం మన ముఖంలోకి చూసేవారు. ఆ చూపు ఏ వీడియోలోనూ లేదు.

ల్యాబ్ కూడా అంతే. ఫిస్కే, సుబ్బారావు పద్ధతిలో ఫాస్ఫరస్ కొలిచినప్పుడు ట్యూబుల్లో నీలం రంగు వస్తుంది. రీఏజెంటు కలిపాక ఎంతసేపు ఆగామన్న దాన్ని బట్టి ఆ నీలం ముదురుతుంది. అన్ని ట్యూబులకీ ఒకే టైమ్ ఇవ్వాలన్న సంగతి పిపెట్ పట్టుకుంటేనే ఒంటబడుతుంది. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఈ పద్ధతి 1925లో ప్రచురించారు, 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరాల్లో ఏటీపీని కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నారు. నేను చూసిన లెక్చర్లలో ప్రతి అయిదు నిమిషాలకీ ఏటీపీ అని బోర్డు మీద రాశారు. ఆయన పేరు ఒక్కరూ చెప్పలేదు. మన కాలేజీల్లో పాఠం చెప్పేవాళ్లయినా చెప్పాలి.

మరి మీకు పనికొస్తాయా అంటే, నా పరిస్థితి వేరని ముందే చెప్పాలి. నాకు హాస్టల్లో వైఫై ఉండేది, నెట్ పరీక్షకి ముందు ఖాళీ ఉండేది, గంట వీడియోని ఆపుతూ గీసుకుంటూ మూడు గంటలు చూసే ఓపిక ఉండేది. ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో అనాటమీ, ఫిజియాలజీ కూడా నెత్తిన పెట్టుకున్నవాళ్లకి అంత టైమ్ దొరకదు. వాళ్లకి ఆ స్లయిడ్ల యాపే గట్టెక్కిస్తుందేమో. మొబైల్ డేటా మీద బతికేవాళ్లు ఏ కోర్సూ మొత్తం చూడనక్కర్లేదు. కైమోట్రిప్సిన్, సిట్రేట్, ఏటీపీ సింథేజ్ మూడూ చూసి మిగతావి పుస్తకంలో చదువుకోవచ్చు. మా చెల్లి ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. తన సిలబస్‌లో బయోకెమిస్ట్రీ కొంచెమే, అందుకని ఈ కోర్సులేవీ చూడమని తనకి చెప్పలేదు. సిట్రేట్ వీడియో ఒక్కటీ పంపాను, రెండు రంగుల పెన్నులు పక్కన పెట్టుకుని చూడమన్నాను.