డిసెంబరు అయనాంతానికి గోపాల్‌పూర్, దేవమాలి, మహేంద్రగిరి: ఎక్కడ ఏం కుదురుతుంది

ప్రకృతిని పూజించే పేగన్ల ఏడాది చక్రంలో ఎనిమిది పండుగలు. అందులో నాలుగు సూర్యుడి మలుపులే: రెండు అయనాంతాలు (పగలో రాత్రో అతి పొడవుగా ఉండే రోజులు), రెండు విషువత్తులు (పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే రోజులు). డిసెంబరు అయనాంతపు పండుగైన యూల్‌ని ఆరుబయట జరుపుకోవాలనుకునే బరంపురం, పర్లాకిమిడి, కోరాపుట్ తెలుగువాళ్లకి మా ఓటు ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్‌కే.

కారణం ఆ తీరం ఉన్న తీరు. ఒడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, సముద్రం ఆగ్నేయాన ఉంటుంది. డిసెంబరు 21, 22 తేదీల్లో సూర్యుడు నిక్కచ్చిగా తూర్పున కాక సుమారు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి పొడుస్తాడు. సముద్రానికి ఎదురుగా నిలబడితే కాస్త ఎడమకి, నీళ్లలోంచే లేస్తాడన్నమాట. జూన్‌లో అంతే దూరం ఉత్తరానికి జరిగి దాదాపు ఒడ్డు వెంబడే లేస్తాడు, పైగా మబ్బులు. జూన్‌లో వెళ్తే రజ పండుగ కోసం వెళ్లండి. భూదేవి రజస్వల అయిందని మూడు రోజులు నాగలి కట్టరు, ఉయ్యాలలూగుతారు, పొడొ పిఠా అనే బియ్యప్పిండి రొట్టె కాలుస్తారు. నేలని తల్లిగా చూడడం ఇంత సూటిగా కనిపించే పండుగ ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు.

2026లో అయనాంత ఘడియ డిసెంబరు 22 తెల్లవారుజామున 2:20 ప్రాంతంలో పడుతుంది, కాబట్టి ఆ ఉదయమే పండుగ. సూర్యోదయం 6:20కి అటూఇటూ. 5:40కల్లా ఇసుక మీద ఉండాలి. మబ్బు పడితే బెంగపడొద్దు: అటు నాలుగు రోజులు, ఇటు నాలుగు రోజులు ఉదయించే చోటు సూర్యబింబంలో పావు వంతు కూడా జరగదు. అందుకే ఒక రాత్రి కాదు, రెండు రాత్రులకి గది తీసుకోండి.

గది గోపాల్‌పూర్‌లోనే తీసుకోండి. బరంపురంలో చవకే కానీ, తెల్లారకముందు ఆటో దొరకడం కష్టం. సముద్రం కనిపించే గదికి ఎక్కువ పెట్టడం దండగ, ఎలాగూ ఒడ్డుకే వెళ్తాం. దానికంటే ఉదయం ఐదుకి గేటు తీస్తారా అని ముందే అడగండి. క్రిస్మస్ దగ్గరపడేకొద్దీ గదులు దొరకవు.

యూల్‌కి వెలిగించే నిప్పు విషయంలోనే ఎక్కువమంది తడబడతారు. ఇసుక మీద నేరుగా మంట వెయ్యొద్దు. పైన ఇసుక కప్పేస్తే నిప్పు ఆరదు, లోపల గంటలకొద్దీ కణకణలాడుతూనే ఉంటుంది. ఆ వేళకి వలలతో వచ్చే జాలర్లు, వాళ్లలో చాలామంది తెలుగువాళ్లే, ఉత్తికాళ్లతో నడుస్తారు. మట్టి మూకుడు వద్దు, నీళ్లు పోయగానే పగులుతుంది. మందపాటి ఇనుప మూకుడు, చారెడు కొబ్బరి పీచు, నాలుగైదు ఎండు పుల్లలు చాలు. తెల్లవారుజామున గాలి సాధారణంగా నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి అడ్డు ఊరి వైపు పెట్టాలి. అయ్యాక సముద్రపు నీళ్లు పోసి, బొగ్గులు సంచిలో వెనక్కి తెచ్చుకోవాలి.

క్రతువు మొదట్లో ఒక్కో దిక్కుకి తిరిగి ఒక్కో భూతాన్ని ఆహ్వానించడం, అంటే దిక్కులు పిలవడం, పేగన్లలో ఉంది; బ్రిటన్ పద్ధతిలో పడమటికి నీరు, తూర్పుకి గాలి అని పిలిచేవాళ్లు చాలామంది. ఇక్కడ సముద్రానికి వీపు పెట్టి పడమట నీటిని పిలవడం మాకు అర్థంలేని పని. కళ్లెదుట నీరు ఎటుందో అటే తిరిగి పిలవండి. అక్కడ యూల్‌కి కాల్చే దుంగకి బదులు కొత్త బియ్యం, నువ్వులు, బెల్లం, బంతిపూలు పెట్టండి. ఇక్కడి పొడవైన రాత్రి 13 గంటలే, లండన్‌లో 16. ఆ చీకటికి పుట్టిన ఆచారాన్ని ఉన్నదున్నట్టు దించుకోనక్కర్లేదు.

దేవమాలి ఒడిశాలో ఎత్తైన శిఖరం, 1,672 మీటర్లు. సెమిలిగూడలో బస చేసి జీపులో వెళ్లొచ్చు. డిసెంబరు చలిగాలికి దీపం నిలవదు. మార్చి 20, 21 విషువత్తుకి మాత్రం ఇదే సరైన చోటు. ఎందుకంటే ఆ నెలలో గోపాల్‌పూర్‌కి దగ్గర్లోని రుషికుల్య నది ముఖద్వారం వద్ద ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, వెలుతురు వాటిని దారి తప్పిస్తుంది. ఆ తీరంలో నిప్పు, టార్చి రెండూ వద్దు.

పర్లాకిమిడి వైపున్న మహేంద్రగిరి కొండ 1,501 మీటర్లు, పైన కుంతి, భీమ, యుధిష్ఠిర ఆలయాలు. శివరాత్రికి జనసంద్రం, డిసెంబరులో ప్రశాంతం. కానీ ఉదయపు మంచు దట్టంగా పడితే సూర్యుడు ఆలస్యంగా, చాలా పైకి వచ్చాకే కనిపిస్తాడు. అడవిలో మంట నేరం కూడా. అక్కడికి ధ్యానానికి వెళ్లండి, కంబళి, తాగునీరు పర్లాకిమిడిలోనే సర్దుకుని.