ఎస్‌ఓడీ1 కొనాలి: ఆవు రక్తానిదా, రీకాంబినెంట్ మనిషిదా?

సీసా మీద 'హ్యూమన్' అని కనబడితే చాలు, అదే మేలనుకుంటాం. సూపర్‌ఆక్సైడ్ అనే హానికర ఆక్సిజన్ రూపాన్ని తుడిచేసే ఎంజైమ్ సూపర్‌ఆక్సైడ్ డిస్మ్యూటేజ్ (ఎస్‌ఓడీ; ఎస్‌ఓడీ1 అందులో ఒక రకం) విషయంలో అది అన్నిసార్లూ నిజం కాదు. శాస్త్రవేత్తలు మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ 1969లో ఈ ఎంజైమ్ పనిని కనిపెట్టింది ఆవు ఎర్ర రక్తకణాల ప్రోటీన్‌తోనే. (1938 నుంచే ఆ ప్రోటీన్ చేతిలో ఉంది. అది చేసే పని మాత్రం ఎవరికీ తట్టలేదు!)

క్యువెట్‌లో (కొలతలకు వాడే చిన్న పారదర్శక గొట్టంలో) సూపర్‌ఆక్సైడ్‌ని తుడిచేయడమే మీ పనైతే ఆవుదే తీసుకోండి. రాగి, జింక్ రెండూ కణంలోనే సరిగ్గా కూర్చుని వస్తాయి.

రీకాంబినెంట్‌లో, అంటే మనిషి జన్యువును ఈ.కోలై బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవిలో పెట్టి చేయించినదానిలో, చిక్కు అక్కడే. మనిషి ఎస్‌ఓడీ1లో 153 అమైనో ఆమ్లాల గొలుసులు రెండు జతగా ఉంటాయి. ఒక్కో దానికి ఒక రాగి, ఒక జింక్ కావాలి. మన కణాల్లో రాగిని అందించడానికి సీసీఎస్ అనే సహాయక ప్రోటీన్ ఉంది, ఈ.కోలైలో లేదు. అందుకే రాగి చాలని ఎంజైమ్ వచ్చే ప్రమాదం ఉంది. ప్రోటీన్లను వేరుచేసి చూసే జెల్ మీద బ్యాండ్ ముచ్చటగా ఒక్కటే కనిపిస్తుంది, పని మాత్రం సగమే. ప్యూరిటీ శాతం చూసి మురిసిపోకుండా లోహాల లెక్క, మిల్లీగ్రాముకు ఎన్ని యాక్టివిటీ యూనిట్లో అడగండి. ఆ యూనిట్లు ఏ పద్ధతిలో కొలిచారో కూడా అడగాలి, పద్ధతి మారితే అంకె మారుతుంది.

మాక్రోఫేజ్‌ల (ఒక రకం రోగనిరోధక కణాల) మీద వేస్తారా? అప్పుడు ఎండోటాక్సిన్‌తో అసలు టెన్షన్. ఈ.కోలై నుంచి వచ్చే ఆ మలినం తానే కణాలను రెచ్చగొడుతుంది. ఎంజైమ్‌ని బాగా మరిగించి కంట్రోల్‌గా వాడండి. ప్రోటీన్ చచ్చినా ఫలితం అలాగే ఉంటే అనుమానం ఎండోటాక్సిన్ మీదే. అయితే ఎస్‌ఓడీ1 వేడికి తేలిగ్గా లొంగే రకం కాదు, యాక్టివిటీ పోయిందో లేదో కొలిచి చూసుకోవాలి.

ఏఎల్ఎస్ (కదలికలను నడిపే నాడీకణాలు దెబ్బతినే జబ్బు) కోసం మ్యూటెంట్లు (జన్యుమార్పు ఉన్న ప్రోటీన్లు), ప్రోటీన్ ముద్దకట్టడం చూసేవాళ్లకి ఆవుది పనికిరాదు, మనిషి సీక్వెన్సే కావాలి. అదీ హిస్ ట్యాగ్ (శుద్ధి చేయడానికి తగిలించే హిస్టిడిన్ల తోక) లేనిదో, కోసి తీసేసిందో అయితే నయం. హిస్టిడిన్లు రాగిని పట్టుకుంటాయి కాబట్టి లోహాల లెక్క తప్పుతుంది. మన కణాల్లో ఈ ప్రోటీన్ మొదటి కొసకి అసిటైల్ గుంపు ఉంటుంది. ఈస్ట్‌లో చేయిస్తే అది దొరుకుతుంది, మామూలు ఈ.కోలైలో దొరకదు.

ఏది కొన్నా పక్కన కేటలేజ్ అనే ఎంజైమ్ ఉంచుకోండి. ఎస్‌ఓడీ సూపర్‌ఆక్సైడ్‌ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చి వదిలేస్తుంది, మిగిలింది కేటలేజే చూసుకోవాలి.