రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్: రెండుసార్లు అచ్చయిన వైద్య పరిశోధనను పట్టుకోవడంలో ఎంత ఉపయోగం

వైద్య పత్రికలు ప్రచురించి, ఆ తర్వాత ఉపసంహరించుకున్న పరిశోధన పత్రాలను ఒకేచోట వెతకడానికి ఇప్పుడు ఉన్న సేవల్లో రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్ చాలా ముఖ్యమైనది. ఐవాన్ ఒరాన్‌స్కీ, ఆడమ్ మార్కస్ అనే ఇద్దరు పాత్రికేయులు 2010లో ప్రారంభించిన కృషి 2018 నాటికి డేటాబేస్ రూపం దాల్చింది. 2023లో, పరిశోధన పత్రాలకు డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్యలను నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ దాన్ని తన చేతుల్లోకి తీసుకుని, జాబితా మొత్తాన్ని ఎవరైనా ఉచితంగా దింపుకొనే వీలు కల్పించింది. ఇప్పుడందులో 50,000కు పైగా నమోదులున్నాయి. పీజీ విద్యార్థుల థీసిస్‌లను, పరిశోధన సమీక్షలను చదివే పనిలో భాగంగా నేను దీన్ని తరచుగా వాడుతున్నాను. ఈ సమీక్షలో మాత్రం ఒకే ప్రశ్నకు జవాబు వెతుకుతున్నాను: ఒకే అధ్యయనాన్ని రెండు పత్రికల్లో రెండు కొత్త అధ్యయనాలుగా ప్రచురించినప్పుడు, ఆ సంగతి ఈ సేవ మనకు చెబుతుందా?

ఈ ప్రశ్నకు ఇంత ప్రాధాన్యం ఎందుకో తెలియాలంటే ఆన్డన్‌సెట్రాన్ కథ తెలియాలి. మన దగ్గర ఎమిసెట్ పేరుతో ప్రతి మందుల దుకాణంలోనూ దొరికే, వాంతులు ఆపే మందు ఇదే. శస్త్రచికిత్స తర్వాత వచ్చే వాంతుల మీద ఈ మందు ఎంత పనిచేస్తుందో తేల్చడానికి ట్రామెర్, ఆయన సహచరులు అప్పటివరకు వచ్చిన ట్రయల్స్ (రోగుల మీద మందును పరీక్షించే అధ్యయనాలు) అన్నింటినీ సేకరించి, 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక విశ్లేషణ ప్రచురించారు. పూర్తి నివేదికల్లో 17 శాతం, రోగుల సమాచారంలో 28 శాతం అంతకుముందే అచ్చయినవాటికి పునరావృతాలని అందులో తేలింది. మందు బాగా పనిచేసినట్టు చూపిన ట్రయల్సే ఎక్కువగా మళ్లీ అచ్చయ్యాయి. ఒక రోగికి వాంతి రాకుండా ఆపాలంటే ఎంతమందికి నాలుగు మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఇవ్వాలన్న లెక్క, ఒక్కసారే అచ్చయిన 16 ట్రయల్స్‌లో 9.5గా ఉంటే, పునరావృతమైన మూడు ట్రయల్స్‌లో 3.9గా కనిపించింది. ఈ సంఖ్య ఎంత తగ్గితే మందు అంత బాగా పనిచేస్తున్నట్టు. ప్రతి ట్రయల్‌నూ ఒక్కసారే లెక్కించినప్పుడు 6.4 వచ్చిన సంఖ్య, నకళ్లను కూడా కలిపితే 4.9కి దిగింది. మందు సామర్థ్యం ఉన్నదానికంటే 23 శాతం ఎక్కువగా కనిపించిందన్న మాట. ఇక్కడ ఎవరూ అంకెలను కల్పించనక్కరలేదు. ఉన్న రోగులనే రెండోసారి లెక్కపెడితే చాలు. ఒక రోగి పరిశోధనకు సమ్మతిస్తూ సంతకం చేసేది తన అనుభవం వైద్యశాస్త్రానికి ఒక నిజమైన సాక్ష్యంగా చేరాలని. ఆ ఒక్క సాక్ష్యాన్ని రెండుగా చూపడం ఆ రోగికి జరిగే అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక డేటాబేస్ విషయానికి వస్తే, దాని అసలు బలం ఉపసంహరణకు కారణాన్ని నమోదు చేసే తీరులో ఉంది. ప్రతి పత్రానికీ శీర్షిక, రచయితలు, సంస్థ, పత్రిక, మొదట ప్రచురించిన తేదీ, ఉపసంహరించిన తేదీ, డీఓఐ సంఖ్యలతో పాటు కారణాల గడి ఒకటి ఉంటుంది. వ్యాసం మొత్తం పునరావృతం కావడం, చిత్రాలో సమాచారమో పునరావృతం కావడం, ఒకే అధ్యయనాన్ని ముక్కలుగా కోసి వేర్వేరు పత్రాలుగా ప్రచురించడం వంటివాటిని వేర్వేరుగా గుర్తిస్తారు. పత్రికలు నకలు అని నేరుగా రాయకుండా మెత్తని మాటల్లో తప్పించుకున్న సందర్భాలకు కూడా ప్రత్యేకమైన గుర్తు ఉంది. నాకు ఎక్కువగా నచ్చిన విషయం మరొకటి: ప్రచురణ సంస్థ తన పొరపాటు వల్ల ఒకే వ్యాసాన్ని రెండుసార్లు వేసినప్పుడు, ఆ తప్పు రచయితది కాదని తెలిసేలా కారణాన్ని విడిగా రాస్తారు. ఉపసంహరణ అనగానే రచయితను దోషిగా చూసే అలవాటు బలంగా ఉన్న మన విద్యాసంస్థల్లో ఈ తేడా చాలా అవసరం.

అయితే ఈ నమోదులను చదివే పద్ధతి తెలియకపోతే తప్పుదారి పట్టే అవకాశం ఉంది. నకలు కారణంగా ఉపసంహరించిన పత్రంలోని ఫలితాలు అబద్ధాలని అనుకోకూడదు. పత్రికా సంపాదకులకు ప్రచురణ నైతికత మీద మార్గదర్శకాలిచ్చే కోప్ సంస్థ సూచన ప్రకారం, సమాచారం నమ్మదగినదైతే మొదట ప్రచురించిన పత్రిక తన వ్యాసాన్ని నిలుపుకోవచ్చు. తర్వాత వేసిన పత్రిక ఉపసంహరించుకోవాలి. కాబట్టి సమీక్ష రాసేవారు నకలును వదిలేసి మూలాన్ని తీసుకోవాలి. ఇక్కడే డేటాబేస్‌లో పెద్ద లోపం కనిపిస్తుంది. నకలుకు మూలమైన పత్రం డీఓఐని చూపే ప్రత్యేకమైన గడి అందులో లేదు. ఏది మొదటిదో తెలుసుకోవాలంటే ఉపసంహరణ ప్రకటనను విడిగా తెరిచి చదవాలి.

రచయిత పేరుతో వెతకడం మన తెలుగువారి విషయంలో మరీ జాగ్రత్తగా చేయవలసిన పని. ఇంటిపేరు ఒక పత్రికలో ముందు, మరొక పత్రికలో వెనుక వస్తుంది; కొన్నిచోట్ల పొడి అక్షరాలుగా మిగులుతుంది. రావు, రెడ్డి వంటి పేర్లతో వెతికితే ఒకరికొకరు సంబంధం లేని ఎందరో వైద్యులు ఒకే వరుసలో వచ్చేస్తారు. డీఓఐ సంఖ్యను సరిపోల్చకుండా పేరు చూసి ఒకరిని అనుమానించడం ఘోరమైన తప్పు.

ఇంతకంటే లోతైన పరిమితి మరొకటి ఉంది. ఏదో ఒక పత్రిక ఉపసంహరణో, పత్రం మీద సందేహాలున్నాయని హెచ్చరించే ఆందోళన ప్రకటనో, సవరణో ప్రకటించిన తర్వాతే ఒక పత్రం ఈ జాబితాలోకి ఎక్కుతుంది. ఎవరూ గుర్తించని నకలు ఇందులో ఉండదు. ఆన్డన్‌సెట్రాన్ విశ్లేషణలో పరిశోధకులు ఒక్కొక్క ట్రయల్‌నూ పక్కపక్కన పెట్టి చదివి నకళ్లను పట్టుకున్నారు. ఆ శ్రమను ఏ డేటాబేసూ తప్పించలేదు. మన దేశపు ట్రయల్స్‌కు మాత్రం ఇప్పుడొక ఆధారం దొరికింది. 2009 జూన్ 15 నుంచి ట్రయల్స్‌ను క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా (సీటీఆర్ఐ)లో నమోదు చేయడం తప్పనిసరి చేశారు. రెండు పత్రాల్లో ఒకే సీటీఆర్ఐ సంఖ్య కనిపించినా, ఆసుపత్రి, రోగుల సంఖ్య, అధ్యయన కాలం ఒకటే అయినా ఆగి చూడాలి. అలా కనిపించినవన్నీ తప్పులని కూడా కాదు. రెండు పత్రికల సంపాదకుల అనుమతితో, మొదటి ప్రచురణను స్పష్టంగా ప్రస్తావిస్తూ, వేరే పాఠకుల కోసం చేసే ద్వితీయ ప్రచురణకు వైద్య పత్రికా సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమాలే వీలు కల్పిస్తున్నాయి. దాచిపెట్టి చేసిందే దోషం.

వాడుక విషయంలో పెద్దగా ఫిర్యాదులేమీ లేవు. పూర్తి జాబితా సీఎస్‌వీ ఫైలుగా వస్తుంది కాబట్టి ఎక్సెల్‌లో తెరుచుకోవచ్చు. కారణాలన్నీ ఒకే గడిలో వరుసగా ఉంటాయి కనుక వడపోసేటప్పుడు మనం వెతికే కారణం ఉన్న గడులన్నీ వచ్చేలా చూసుకోవాలి. జోటెరో అనే సాఫ్ట్‌వేర్‌లో సూచికలు (తాము ఉదహరించే పత్రాల వివరాలు) దాచుకునేవారికి 2019 నుంచి ఈ సమాచారం దానంతటదే అందుతోంది. ఉపసంహరించిన పత్రం మీద హెచ్చరిక కనిపిస్తుంది. వైద్య పరిశోధన పత్రాలను వెతికే పబ్‌మెడ్‌లోనూ నకలు ప్రచురణకు ప్రత్యేకమైన వర్గం ఉంది గనుక రెండింటినీ కలిపి చూడటం మంచిది.

థీసిస్ సమర్పించే ప్రతి పీజీ విద్యార్థీ తన సూచికల పట్టికను ఒకసారి దీనితో సరిచూసుకోవాలని నా సిఫారసు. మెటా ఎనాలిసిస్ (అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కించే విశ్లేషణ) చేసేవారికి ఇది మొదటి జల్లెడగా సరిపోతుంది. ఆ తర్వాత ట్రయల్ సంఖ్యలను, తేదీలను చేత్తో పోల్చుకునే పని వారిదే. మూల పత్రం డీఓఐకి ఒక గడి చేర్చితే ఆ పనిలో సగం తేలికవుతుంది కాబట్టి, క్రాస్‌రెఫ్ ముందుగా ఆ సవరణ చేపట్టాలని కోరుతున్నాను.