పిట్ట ఫోటోకు ఏది మేలు: ఫోన్‌లో దిద్దడమా, ‘రా’ ఫైల్ తెరవడమా?

పోయిన దసరా సాయంత్రం జమ్మి దగ్గరికి పోతుంటే కరెంటు తీగ మీద పాలపిట్ట కనిపించింది. పండుగ పూట పాలపిట్ట, చేతిలో కెమెరా. ఇంకేం కావాలి? ఇంటికొచ్చాక ఫోటోను ఫోన్‌లోకి ఎక్కించి, స్నాప్‌సీడ్ అనే యాప్‌లో శాచురేషన్ (రంగుల గాఢత) బాగా పెంచి చుట్టాలందరికీ పంపాను. సూపర్‌లు, దండాలు వరసగా వచ్చాయి. నర్సంపేట దగ్గర చేపలు పట్టే మా మామ ఒక్కడే ఫోన్ చేసి, “ఏంది అల్లుడా, కూసున్న పాలపిట్ట గింత నీలముంటదా?” అన్నాడు.

ఉండదు. కూర్చున్నప్పుడు దాని రొమ్ము గోధుమ, ఊదా కలిసినట్టు ఉంటుంది, గొంతు కింద సన్నని తెల్ల చారలుంటాయి. కళ్ళు జిగేల్‌మనే నీలం చాలావరకు రెక్క విప్పినప్పుడే బయటపడుతుంది. నా దిద్దుబాటులో చారలు పోయాయి, రొమ్ముకు బతుకమ్మ పూలకద్దే రంగు వచ్చింది. అప్పటి నుంచి ఒకే ఫోటోను రెండు రకాలుగా దిద్ది పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాను.

ఫోన్ పద్ధతిలో సుఖముంది. యాప్ ఉచితం, చెరువు గట్టు మీద కూర్చునే పని అయిపోతుంది. ఉదయపు ఎండలో లకుముకి పిట్టనో గోరింకనో తీస్తే జేపెగ్ (కెమెరా తనే దిద్ది, కుదించి ఇచ్చే మామూలు ఫోటో ఫైలు) చాలు. కొంచెం క్రాప్ (అంచులు కోయడం), కొంచెం వెలుగు, అంతే. స్ట్రక్చర్ అనే మీటను మాత్రం ఎక్కువ లాగొద్దు. ఈకలతో పాటు వెనక ఆకాశంలోని నాయిస్ (చిన్న చిన్న చుక్కలు) కూడా ఇసుక చల్లినట్టు పైకి తేలుతుంది. ఇంకో చిక్కు, బయట ఎండలో ఫోన్ వెలుగు పూర్తిగా పెంచుకుని దిద్దుతాం. అదే ఫోటో ప్రింట్ తీయిస్తే చీకటిగా వస్తుంది. నా మొదటి మూడు ప్రింట్లు అలాగే పోయాయి.

‘రా’ (ఎవరినీ పిలవడం కాదు, కెమెరా ఏమీ వండకుండా ఇచ్చే పచ్చి ఫైలు) అసలు విలువ తెల్ల పక్షి దగ్గర తెలుస్తుంది. వరంగల్ భద్రకాళి చెరువు దగ్గర మిట్టమధ్యాహ్నం కొంగను తీసి చూడండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల ‘రా’లో 16,384. జేపెగ్‌లో సున్నం పూసినట్టు కనిపించే వీపు మీద, ‘రా’లో హైలైట్స్ (బాగా వెలుగున్న చోట్లు) తగ్గిస్తే ఈకల గీతలు ఒక్కొక్కటే తేలతాయి. చెట్ల నీడలో పచ్చగా మారిన రంగును సరిచేయడం కూడా ఇందులోనే తేలిక. కానీ తీసేటప్పుడే పూర్తిగా తెల్లబోయిన చోటును ఏ ఫైలూ తిరిగి తేలేదు. అందుకే తెల్ల పక్షిని కాస్త చీకటిగానే తీస్తాను. ఖర్చంటారా, ‘రా’ను కంప్యూటర్‌లో దిద్దే సాఫ్ట్‌వేర్‌లలో డార్క్‌టేబుల్ ఉచితం, లైట్‌రూమ్‌కు చందా కట్టాలి. కార్డు తొందరగా నిండుతుంది, పాత కంప్యూటరైతే ప్రతి మీటకూ ఆలోచిస్తుంది.

నా లెక్కలో తెల్ల పక్షి, నల్ల పక్షి, ఎగిరే పక్షి, మసక వెలుగు... వీటికి ‘రా’. మిగతావాటికి ఫోన్. కార్డులో జాగ ఉంటే ‘రా’, జేపెగ్ రెండూ కలిపి తీయడమే మంచిది.

క్రాప్ దగ్గర మాత్రం రెండు పద్ధతులూ సమానమే. 24 మెగాపిక్సెళ్ళ ఫోటోను అటు సగం ఇటు సగం కోస్తే మిగిలేది 6. ఫోన్‌లో చూడటానికి చాలు, గోడకు పెద్దగా వేయించడానికి చాలదు.

ఇక ఎవరికి చూపించాలి? అసలు తేడా ఇక్కడే ఉందని నాకు ఆలస్యంగా అర్థమైంది. హనుమకొండలో స్టూడియో నడిపే మా బావకు ఫోటో తెలుసు. పెళ్ళి ఆల్బమ్‌లు చూసిన కన్ను, నేను తీసిన కొంగ ఫోటోను చూడగానే “దగ్గరికి కొయ్యి, వెనక నల్లగ చెయ్యి, ముఖం మీద వెలుగు పెట్టు” అన్నాడు. చెప్పినట్టే చేశాను. చూడటానికి దర్జాగా వచ్చింది. మామకు చూపిస్తే రెండు క్షణాలు చూసి, “కాళ్ళేవి?” అన్నాడు.

నల్ల ముక్కు, నల్ల కాళ్ళు, పసుపు వేళ్ళు. చిన్న తెల్ల కొంగను మిగతా కొంగల్లోంచి గుర్తుపట్టేది వీటితోనే. వేళ్ళను క్రాప్ మింగింది, కాళ్ళను నలుపు మింగింది. బావ సలహా తప్పు కాదు, అది పెళ్ళికూతురికి సరిపోయే సలహా. ఒక్కరికే చూపించే వీలుంటే నేను పిట్ట తెలిసినవాడికే చూపిస్తాను, ఫోటో తెలిసినవాడికి తర్వాత.

చూపించే తీరు కూడా మార్చుకున్నాను. “ఎట్లుంది?” అంటే ఎవరైనా బాగుందనే అంటారు. అసలు ఫోటో, దిద్దింది రెండూ ఇచ్చి “ఏది పిట్టలా ఉంది?” అని అడుగుతాను. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపుతాను, లేకపోతే అది ఫోటోను కుదించేస్తుంది, ఈకల గురించి మాట్లాడటానికి ఈకలే మిగలవు.

మొన్న అదే కొంగను ‘రా’ నుంచి మళ్ళీ మొదలుపెట్టి, వేళ్ళు కనబడేలా, నీళ్ళు కాస్త ఉండేలా దిద్ది పాఖాల చెరువు దగ్గర మామకు చూపించాను. వల సర్దుకుంటూ చూశాడు. “కాళ్ళు వచ్చినయ్. అది చూసే దిక్కు జాగ లేదు కదా, దాని చేప ఏడికెళ్ళి వస్తది?” అన్నాడు. రాత్రి ఇంటికొచ్చి క్రాప్‌ను మళ్ళీ తెరిచి, ముక్కు ముందు నాలుగు వేళ్ళ నీళ్ళు వదిలాను.