నికాన్‌కి పిన్‌హోల్ మూత: కొనొచ్చు, స్టాండ్ ఉంటేనే

ఆన్‌లైన్‌లో తెప్పించిన ఈ మూతని, అంటే లెన్స్ బదులు సన్నని చిల్లుతోనే ఫొటో తీసేదాన్ని, లెన్స్ తీసి కెమెరాకి బిగించి, పర్లాకిమిడిలో మా తాతగారి పాత మామిడితోటలో వాడి చూశాను. మధ్యలో రేకుకి 0.25 మిల్లీమీటర్ల చిల్లు; ఫొటోని పట్టే సెన్సార్ 46.5 మిల్లీమీటర్ల వెనక, అంటే సుమారు ఎఫ్/186 (దూరాన్ని చిల్లు వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె; ఇది పెద్దదైతే వెలుతురు తక్కువ). వ్యూఫైండర్‌లో చీకటే. మా పిన్ని తొంగి చూసి, "కెమెరా పాడైపోనాదేటి?" అంది. ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సార్ స్పందించే స్థాయి) 100లో ఉంచితే, మంచి ఎండకి షట్టర్ సెకనుపైన తెరిచుంటే చాలు. చెట్ల నీడలో 20 సెకన్లయినా పడుతుంది. ఊగే కొమ్మలు పొగలా వచ్చాయి. నాచు పట్టిన నూతిగట్టూ, దూరంగా ఉన్న ప్రహరీ మాత్రం ఒకే మెత్తదనంతో పడ్డాయి. దీన్ని కొన్నది అందుకే! సెన్సార్ మీది దుమ్ము ఆకాశంలో నల్లచుక్కలై తేలుతుంది, ముందే శుభ్రం చేయించుకోండి. పదునైన ఫొటోలు కావాలంటే దీని జోలికి పోకండి.