సమర్‌కంద్ చాయ్‌ఖానాలో మధ్యాహ్నపు మస్తవా

సమర్‌కంద్‌లో బీబీ ఖానం మసీదు పక్కనున్న సియాబ్ బజారుకు వెళ్లినవారు సాధారణంగా పలావు కోసమే వెతుకుతారు. ఉజ్బెకిస్తాన్ పలావు సంస్కృతికి 2016లో యునెస్కో గుర్తింపు కూడా లభించింది. ఆ బజారు దగ్గరి సందులో ఉన్న ఒక చిన్న చాయ్‌ఖానాలో నేను మాత్రం రెండు పూటలా మస్తవాయే తిన్నాను. మాంసం, బియ్యం, కూరగాయలు కలిపి కాచే ఈ వంటకాన్ని అక్కడివారు ‘సుయుక్ ఓష్’ అని, అంటే పలుచని పలావు అని కూడా అంటారు.

వంటాయన అనుమతితో పొయ్యి దగ్గరే నిలబడి మొదటినుంచీ చూశాను. కజాన్ అనే లోతైన ఇనుప మూకుడులో గొర్రె తోక కొవ్వును కరిగించి, అందులో వేలి కణుపు కన్నా చిన్నగా కోసిన మాంసాన్ని ఎర్రగా వేయించి, ఆపైన ఉల్లిపాయ, క్యారట్, టర్నిప్, టమాటా ఒకదాని తర్వాత ఒకటి వేసి, అవి మగ్గాకే నీళ్లు పోశారు. మాంసాన్ని నేరుగా నీళ్లలో ఉడికించే షూర్వాకూ దీనికీ రుచిలో తేడా తెచ్చేది ఈ వేపుడే. సన్నని సెగ మీద మాంసం మెత్తబడ్డాక బంగాళాదుంప ముక్కలు, కడిగిన పొట్టి బియ్యం, అరచేతిలో నలిపిన జీలకర్ర వేశారు. ఆ తర్వాత ఇరవై నిమిషాలకే దించేశారు.

కోసా అనే గిన్నెలో పోసి, పైన ఒక చెంచా పుల్లని పెరుగు, కొత్తిమీర, సోయకూర, మిరియాల పొడి వేసి ఇచ్చారు. మెతుకు మెత్తగా ఉన్నా విడివిడిగా నిలిచింది. కొవ్వు జిడ్డును పెరుగు పులుపు చక్కగా విరిచింది. మజ్జిగపులుసు ఎరిగినవారికి ఈ కలయిక తొలి చెంచాకే నచ్చుతుంది.

సాయంత్రం మళ్లీ వెళితే, అదే కజాన్‌లో మిగిలింది వడ్డించారు. బియ్యం ఉబ్బి రసమంతా పీల్చుకొని జావలా చిక్కబడగా, వేడినీళ్లు కలిపి పలుచన చేయడంతో ఉప్పు, జీలకర్ర వాసన రెండూ తగ్గిపోయాయి. అంత శ్రద్ధగా వండినవారు ఆ పూటకు లేదని చెప్పి ఉండాల్సింది.

అక్కడ వైద్యవిద్య చదువుతున్న మన తెలుగు పిల్లలకు ఒక మాట: ఇందులో పచ్చిమిరప ఉండదు, కారం కావాలంటే విడిగా అడగాలి. బిల్లులో సేవా రుసుము కలుపుతారేమో ముందే కనుక్కోవాలి. తందూరు రొట్టె, గ్రీన్ టీ తప్పక తీసుకోండి. మధ్యాహ్నం పన్నెండు గంటలకే వెళితే, బియ్యం వేసే వేళకు మీరూ పొయ్యి దగ్గర ఉంటారు.