ప్రెషర్ ప్లేటుకు ఏది మేలు: గ్రే ఐరనా, డక్టైల్ ఐరనా, ఉక్కా?

ఇంజిన్ శక్తిని పెంచుకునేవారు క్లచ్ ఎంత టార్క్ మోయగలదని అడుగుతారు గాని, అందులో డిస్కును ఫ్లైవీల్‌కు, అంటే ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రానికి, అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు ఏ లోహంతో చేసినదని అడగడం అరుదు. ముందు అడగవలసినది ఆ రెండవ ప్రశ్నే. 240 మిల్లీమీటర్ల వ్యాసం గల ప్లేటు నిమిషానికి 7,000 చుట్లు తిరుగుతున్నప్పుడు దాని అంచు గంటకు దాదాపు 317 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. తిరుగుడు వల్ల లోహంలో పుట్టే ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 6,000 చుట్ల నుంచి 9,000కు చేరేసరికి అది ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లవుతుంది. ఆ ప్లేటు తిరిగేది డ్రైవరు పాదాలకు కొద్ది దూరంలోనే.

మామూలు కార్లలో ఎక్కువగా ఉండేది గ్రే ఐరన్ అనే పోత ఇనుము. అది వేడిని బాగా లాగుకుంటుంది, రాపిడికి నిలుస్తుంది, చవక కూడా. తయారీదారు పెట్టిన చుట్ల పరిమితి దాటనివారు దానిని మార్చవలసిన పని లేదు. దాని బలహీనత అందులోని గ్రాఫైట్ రేకుల్లా పరచుకొని ఉండటంలో ఉంది. క్లచ్‌ను పదే పదే జార్చి నడిపితే ప్లేటు ముఖం నీలిరంగుకు తిరిగి సన్నని పగుళ్లు పడతాయి. ఆ పగులు రేకు నుంచి రేకుకు పాకుతుంది, లోహానికి సాగే గుణం దాదాపు లేనందున ముందస్తు సూచన లేకుండానే ప్లేటు ముక్కలు కావచ్చు.

వర్క్‌షాపుల్లో ఎస్‌జీ ఐరన్ అని పిలిచే డక్టైల్ ఐరన్‌లో, కరిగిన ఇనుముకు మెగ్నీషియం చేర్చడం వల్ల గ్రాఫైట్ గుండ్లుగా మారుతుంది. గుండ్రని అంచు దగ్గర పగులు సులువుగా ముందుకు సాగదు. కొన్ని రకాలు తెగే ముందు 18 శాతం వరకు సాగుతాయి. గ్రే ఐరన్‌లో అది ఒక శాతం కూడా ఉండదు. వేడిని పంచడంలో ఇది కొంత వెనుకబడినా, ట్రాక్‌పైకి వెళ్లే కారుకు నేను దీనినే ఎంచుకుంటాను.

ఉక్కు బలంలో ఇంకా మేలే గాని, పలుచని ఉక్కు ప్లేటు వేడికి వంకర తిరుగుతుంది. దానికి సరిపడే ఫ్రిక్షన్ పదార్థం, అంటే డిస్కుపై ప్లేటుతో రాసుకునే పొర, కూడా కావాలి. బహుళ డిస్కుల రేసింగ్ క్లచ్‌లకే అది తగినది.

అమెరికా డ్రాగ్ రేసింగ్‌లో (తిన్నని దారిపై తక్కువ దూరపు పందేల్లో) క్లచ్‌కు, ఫ్లైవీల్‌కు ఎస్‌ఎఫ్‌ఐ అనే భద్రతా ప్రమాణాల సంస్థ పెట్టిన 1.1 ప్రమాణం, క్లచ్‌ను కప్పి ఉండి పగిలిన ముక్కలను ఆపే బెల్ హౌసింగ్‌కు 6.1 ప్రమాణం ఉన్నాయి. కొనేటప్పుడు ఆ ముద్ర చూడాలి. మంచి ప్లేటు బిగించి, దాని వెనుక బరువు తగ్గించడానికి లేత్‌పై చెక్కించిన పాత గ్రే ఐరన్ ఫ్లైవీల్‌ను ఉంచేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది. అదీ అన్ని చుట్లూ తిరుగుతుంది, పైగా చెక్కినచోట మరింత పలుచనై ఉంటుంది.